పంకా విమానం, వెనక అర్ర

ఆదివారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలు. ఇది అంచనా కాదు. మా హాల్లో గోడ గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ ఏడూ తీసేసి చెబుతున్నాను. బోనాలకు ఇంకా పదిహేను రోజులుండగానే మా ఛత్రినాక గల్లీ మూల మీద మైకుసెట్టు వాళ్లు డబ్బాలు కట్టి "హలో, హలో" అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే నా మనుమరాలు వచ్చి, నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న పళ్లెంలో, కాయల మీద తన ఫోను పెట్టింది.

"నానమ్మా, రెండొచ్చినయ్," అన్నది.

"ఏం రెండు?"

"నౌకరీలు. ఒకటి ఎంచుకోవాలె. ఒక కంపెనీ నిన్నటిదాకే టైమిచ్చింది. బతిమాలుకుంటే ఇయ్యాల అయిదింటి దాక జరిపిండ్రు. ఇంకో కంపెనీది ఎట్లయినా ఇయ్యాల అయిదే. అయిదు దాటితే రెండూ పోతయ్."

నా మనుమరాలు విమానం నడుపుతుంది. సర్కారు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చాక రెండేళ్లు ఇంట్లో కూర్చుంది. ఆ రెండేళ్లలో మా గల్లీలో ఎవరు కనబడినా "ఏమాయె, ఇంకా ఎగురుతలేదా?" అని అడిగేవాళ్లు, అదేదో రెక్కలు తడిసిన కోడిపిల్ల అయినట్టు. ఇప్పుడు ఒకేసారి రెండు ఉత్తరాలు.

"సదువు," అని ఫోను నా వైపు తిప్పింది. చూస్తే ఇంగ్లీషు. నాకు తెలుగు చదవడమే యాభై ఏడో ఏట వచ్చింది. నేర్పింది కూడా ఇదే, తనకు ఆరేళ్లప్పుడు, తన పలక మీద, తన టీచరు తనను తిట్టే తిట్లన్నీ నన్ను తిడుతూ. అంతకుముందు ముప్పై అయిదేళ్లు లాడ్ బజార్‌లో ఒక సేటు దుకాణంలో ఆడవాళ్ల చేతులకు గాజులెక్కించాను. డబ్బాల మీద సైజులు రాసి ఉండేవి. నాకు వాటితో పని పడలేదు; చెయ్యి పట్టుకుంటే చాలు, సైజు దో-ఛేనా, దో-ఆఠా, అంటే రెండు-ఆరా, రెండు-ఎనిమిదా, చెప్పేదాన్ని.

"నాకు ఇంగ్లీషొద్దు, నోటితో చెప్పు," అన్నాను.

చెప్పింది. రెండూ చిన్న కంపెనీలే, రెండూ చిన్న ఊళ్లకు నడిపేవే. మొదటిది మన శంషాబాద్ నుంచే ఎగురుతుంది. రెక్కలకు రెండు పంకాలు బయటికి కనబడుతూ తిరుగుతాయి. డెబ్బై మంది పడతారు. రోజుకు నాలుగు సార్లు లేస్తుంది, నాలుగు సార్లు దిగుతుంది, చాలా రోజులు డ్యూటీ దిగేది మళ్లీ ఇక్కడే. సెలవు ఏ రోజో నెల ముందే చెబుతారు. రెండోది ఢిల్లీలో ఉండి నడపాలి. ఆ విమానం జెట్టు. కొత్తగా చేరినవాళ్లను మాత్రం కొన్నాళ్లు స్టాండ్‌బైలో పెడతారు. అంటే యూనిఫారం తయారుగా పెట్టుకుని ఫోను పక్కన కూర్చోవాలి. పిలిస్తే పరుగెత్తాలి, పిలవకపోతే అట్లనే కూర్చోవాలి.

"జీతం?"

"ఇంచుమించు ఒకటే."

అమ్మయ్య అనుకున్నాను. జీతం లొల్లి లేకపోతే మనుషులు అసలు మాట బయటపెడతారు.

"మరి ఫికర్ ఏంది? ఈడిది తీసుకో."

"గట్ల గాదు నానమ్మా. రేపు ఏదన్న పెద్ద కంపెనీకి పోతే, ఏం నడిపినవ్ అని అడుగుతరు. జెట్టు అంటే కూసోమంటరు. పంకాది అంటే జూస్తం అంటరు. ఒకదాంట్ల చేరితే కొన్నేండ్లు ఇడిసిపెట్టనియ్యరు."

ఈ మాట నా కొడుకు చెవిలో పడింది. ఛత్రినాక చౌరస్తాలో వాడికి ఫ్రిజ్జులు, కూలర్లు, పంకాలు బాగుచేసే దుకాణం ఉంది. ఆదివారం కాబట్టి బనీను మీద టీవీ ముందున్నాడు.

"పంకా అంటే నాకు చెప్పకుండ్రి," అన్నాడు. "పొద్దుగాల లేస్తే పంకా. పొద్దు గూకేదాక పంకా. నా గోర్లల్ల పంకా గ్రీజు. నా బిడ్డ గూడ పోయి పంకా ముంగట కూసోవాల్నా?"

"డాడీ, అది పంకా గాదు, ప్రొపెల్లర్."

"తిరుగుతదా?"

"తిరుగుతది."

"గాలిస్తదా?"

"ఇస్తది."

"మరి ఏంది?" అని టీవీ సౌండ్ పెంచాడు. ఆ పిల్ల లైసెన్సు వచ్చిన రోజు పత్తర్‌గట్టి నుంచి చార్మినార్ దాకా తెలిసిన ప్రతి దుకాణంలో మిఠాయి పంచి, "జెట్టు నడుపుతది" అని ముందే చెప్పేసి ఉన్నాడు. అదీ వాడి బాధ.

వంటింట్లోంచి నా కోడలు గరిటెతో సహా వచ్చింది. "ఢిల్లీ ఎందుకు? తిండి ఎవలు పెడతరు? నా బిడ్డ రోజు సాయంత్రం ఇంటికి రావాలె. అన్నం తినాలె. గంతే," అని తీర్పు చెప్పి మళ్లీ వంటింట్లోకి పోయింది. మిక్సీ ఆన్ చేసింది. మా కోడలు వాదనలో గెలిచినప్పుడల్లా మిక్సీ వేస్తుంది, ఎదుటివాళ్ల జవాబు వినబడకుండా.

అంతలో నా తమ్ముడు వచ్చాడు. సర్కారు బస్సు నడిపి రిటైరైన మనిషి. రెండు గల్లీల అవతల ఇల్లు, కానీ మూడు పూటలా చాయ్ మాత్రం మా ఇంట్లో. వాడి వెనకే వాడి కుక్క. సంగతి విని చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు.

"అక్కా, బండిని బట్టే డ్రైవర్ ఇజ్జత్. డిపోల ఎవడన్న కలిస్తే పిల్లలెంతమంది అని అడుగుతడా? ఏ బండి మీదున్నవ్ అని అడుగుతడు. నేను సిటీ బస్సు మీదున్నప్పుడు ఒక్కడు చాయ్ తాగుతవా అనలే. లగ్జరీ బండి ఎక్కిన దినం కంట్రోలర్ లేసి కుర్సీ జరిపిండు!"

"గప్పుడు ఇంటికి ఎన్ని దినాలకు వచ్చేటోనివి తాతా?" అని మనుమరాలు అడిగింది.

"నైటౌట్ డ్యూటీ గదా బిడ్డా, మూడు దినాలకోపారి. ఒకపారి పొద్దుగాల వస్తే అప్పటి మా కుక్క నన్ను జూసి ఒకటే మొరుగుడు. మా ఇంటామె, మీ నానమ్మ మరదలు, లోపల్నించి, చందాకొచ్చిండ్రేమో, ఎవల్లేరని చెప్పుండ్రి అని ఒర్రింది. గంత పెద్ద బండి!" అని ఛాతీ మీద తట్టుకుని నవ్వాడు.

ఇంకెవరం నవ్వలేదు.

"తాతా, నువ్వు జెట్టు దిక్కు మాట్లాడుతున్నవా, పంకా దిక్కా?"

"జెట్టు దిక్కే! అర్థమైతలేదా?"

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను పంకా పక్షం. పిల్ల ఇంట్లో ఉంటే నాకు సుఖం. కారణం అంతే. నా కళ్లద్దాలు వెతికేది అదే, నేను చెప్పే పాత సంగతులు వినేది అదే. కానీ ఆ మాట బయటికి అనకుండా ఇంకో దారి చూశాను.

మా గల్లీలో ఎవరింటికైనా సంబంధం వస్తే పిల్లవాణ్ణి అడగం. అడిగితే ఎవడు తన లోపం చెప్పుకుంటాడు? వాడి వీధిలో ఇస్త్రీ బండివాణ్ణి, పాలు పోసేవాణ్ణి, కిరాణా సేటును అడుగుతాం. మనిషి ఎన్నింటికి ఇల్లు చేరతాడు, ఏ మొహంతో చేరతాడు అన్నది వాళ్లకే తెలుస్తుంది. విమాన కంపెనీకి ఇస్త్రీ బండి ఎవరా అని ఆలోచిస్తే, మా గల్లీ చివర ఒక భాయ్ గుర్తొచ్చాడు. విమాన సిబ్బందిని ఎయిర్‌పోర్టు నుంచి తేవడం, దింపడం అతని పని. ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి. చిక్కుడుకాయల పళ్లెం చంకలో పెట్టుకునే బయల్దేరాను. కారు కడుగుతున్నాడు.

"భాయ్, మా పిల్లకు రెండొచ్చినయ్. ఒకటి ఈడిది, ఒకటి ఢిల్లీది. నువ్వు రోజు జూస్తవ్ గదా. ఏది మంచిదో దాచకుంట చెప్పు."

చేతిలో గుడ్డ బకెట్లో పడేశాడు. "ముబారక్ అమ్మా! ఢిల్లీది నక్కో, వద్దు. పిల్లకు జ్వరమొస్తే ఎవరు జూస్తరు? ఈడి లడ్కా ఏం జేస్తడు?"

"రోజుకు నాలుగు సార్లు లేస్తది, నాలుగు సార్లు దిగుతది."

"క్యా?"

"పంకాలున్నయ్ దానికి. రెండు."

నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. అప్పుడు నాకు వెలిగింది. సంగతంతా మొదటి నుంచి చెప్పి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. సంబంధం చెప్పడానికొచ్చినవాళ్లను కూర్చోబెట్టే కుర్చీలోనే కూర్చోబెట్టాం. కోడలు చాయ్‌తో పాటు బిస్కెట్లు కూడా ఇచ్చింది. దాంతో భాయ్ గొంతు సవరించుకుని సాక్ష్యం మొదలుపెట్టాడు.

"దేఖో అమ్మా, నేను విమానం లోపలికి ఎప్పుడూ పోలే. కారు ఎక్కినంక వాళ్లను జూస్త, గంతే. ఆ ఢిల్లీ కంపెనీ వాళ్లు ఈడికొస్తే హోటల్‌కు తీస్కపోత. బెల్టు పెట్టుకునే లోపల సో జాతే, నిద్ర! మొన్న ఒక సాబ్ లేసి, భాయ్, ఇది ఏ ఊరు అని నన్నడిగిండు. హైదరాబాద్ సాబ్ అన్న. అచ్ఛా అని మల్ల పండుకున్నడు."

"మరి పంకా కంపెనీ వాళ్లు?"

"వాళ్లు మస్తు మాట్లాడుతరు. సిగ్నల్ కాడ లొల్లి వెడతరు. ఒక మేడం ఉంది, రోజు చాంద్రాయణగుట్ట కాడ జర ఆపు భాయ్ అంటది. యూనిఫారం మీదనే దిగి మెంతికూర కొనుక్కొని వస్తది. నా కారంత మెంతికూర వాసనే."

మెంతికూర అనేసరికి నా కోడలు గెలిచినట్టే లేచి నిలబడింది. "ఇన్నరా? మెంతికూర! రోజు సాయంత్రం ఇంటికొస్తది!" నేనూ అందుకున్నాను. "రోజు సాయంత్రం ఇంటికొస్తది, ఇంకేం గావాలె?" అన్నాను. నా తమ్ముడు మాత్రం, "మెంతికూర తెచ్చుడు కోసమా ఇమానం నేర్చింది?" అని గొణిగాడు. నా కొడుకు టీవీ కట్టలేదు కానీ మొహం ఇటు తిప్పాడు.

అప్పుడు నేను పిల్ల మొహం చూశాను.

గాజులెక్కించేటప్పుడు గాజు వైపు చూడకూడదు. చేతులు తమ పని చేస్తుంటాయి, కళ్లు ఎదుటి మనిషి మొహం మీద ఉండాలి. బొటనవేలి కింద ఎముక దగ్గర గాజు పట్టేసిందంటే, నోరు "ఏం గాదు, ఎక్కించు" అంటూనే ఉంటుంది. కనుబొమ్మల మధ్య మాత్రం ఒక గీత పడుతుంది. ఆ గీత పడగానే ఆపాలి. ఆపకపోతే గాజు పగులుతుంది, చెయ్యి తెగుతుంది. ఆ గీత ఇప్పుడు నా మనుమరాలి మొహం మీద ఉంది.

నమ్మకం కుదరక ఇంకోసారి పరీక్ష పెట్టాను. "ఢిల్లీ," అన్నాను. గీత లేదు. "రోజు సాయంత్రం ఇంటికి," అన్నాను. మళ్లీ పడింది.

"అందరు నోర్లు మూయుండ్రి," అన్నాను. "బిడ్డా, ఇంటికి రావుడు నీకు ఏడ పట్టేస్తున్నది?"

"ఏం లేదు నానమ్మా."

"ముప్పై అయిదేండ్లు ఏం లేదు అన్నోళ్ల చేతులు పట్టుకున్న. చెప్పు."

బిస్కెట్ల పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత ఒక్కసారే చెప్పేసింది. పొద్దున ఆరుకు విమానముంటే నాలుగుకే కారు వస్తుంది. అంటే రాత్రి ఎనిమిదికే పడుకోవాలి. ఇంకో వారం డ్యూటీ ఆలస్యంగా దిగితే పొద్దెక్కేదాకా నిద్రపోవాలి. నిద్ర లేకుండా విమానం నడపకూడదు. అది రూలు, రూలు లేకపోయినా నడపకూడదు. మా ఇంట్లో అది పడుకునేది హాల్లో, దివాన్ మీద. తలాపున ఫ్రిజ్జు, కాళ్ల దగ్గర టీవీ, నెత్తి మీద నీళ్ల మోటారు స్విచ్చు.

"ఢిల్లీల ముగ్గురు అమ్మాయిలు కలిసి ఫ్లాట్ తీసుకుంటున్నరు. నా అర్ర నాకు. తలుపుంటది. లోపల్నించి గడియ వెట్టుకోవచ్చు. నేను జెట్టు కోసం పోతా అనుకుంటున్నరు మీరు. నేను ఆ గడియ కోసం పోతున్న."

"గంత సప్పుడు ఏముంది మన ఇంట్ల?" అని నా కొడుకు టీవీ మీదుగా అరిచాడు.

వాడే కాసేపు విని, రిమోట్ వెతుక్కుని టీవీ కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో మా ఇల్లు మాకే కొత్తగా వినబడింది. ఫ్రిజ్జు మూలుగుతోంది. వెనక గదిలో పంకా కిర్రు కిర్రుమంటోంది. అది పదకొండేళ్లుగా కిర్రుమంటూనే ఉంది, ఊరంతటి పంకాలూ బాగుచేసేవాడి ఇంట్లో. బయట మైకువాడు "హలో" అన్నాడు.

పిల్ల లెక్క మొదలుపెట్టింది. అమ్మ అయిదింటికే మిక్సీ వేస్తుంది. తాత చాయ్‌కి వస్తూ గల్లీ మూల నుంచే "చాయ్ అయిందా" అని అరుస్తాడు. కుక్క వంత పాడుతుంది. డాడీ వార్తలు చూస్తూ టీవీలో వాళ్లతో పోట్లాడతాడు.

"అందరికంటే ఎక్కువ లొల్లి ఎవరిదో తెలుసా?" అన్నది.

"ఎవలిది?" అని నేను నా తమ్ముడి వైపు చూశాను.

"నీదే నానమ్మా."

"నాదా!"

"పొద్దున అయిదున్నరకు పేపర్ సదువుతవ్. గట్టిగ. మొత్తం. టెండర్ నోటీసులు గూడ."

నా కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా తమ్ముడు, "నాకు మా ఇంటికాన్నే ఇనబడ్తది," అన్నాడు. భాయ్ చాయ్ కప్పు చూసుకుంటూ, "కారు కాడికి గూడ వస్తది అమ్మా. నేను పేపర్ కొనుడు బంద్ జేసిన," అన్నాడు మెల్లగా.

నాకు కోపం వచ్చింది. ఒలిచిన చిక్కుడుకాయలే మళ్లీ తీసి ఒలిచాను. నేను కళ్లతో చదవలేను. పెదవులు కదిలి, శబ్దం చెవిన పడితేనే అక్షరం నాకు లోపలికి పోతుంది. నేర్పినప్పుడు ఇదే పిల్ల పలక మీద బలపంతో కొట్టి, "గట్టిగ! ఇనబడ్తలేదు!" అనేది. పద్దెనిమిదేళ్లు గట్టిగానే చదివాను. ఎవరో వింటున్నారనే అనుకున్నాను. ఎవరికీ నిద్ర లేక వింటున్నారని తెలియదు. అన్నం తిన్నాక కోపం తగ్గింది. తగ్గాక ఆలోచన వచ్చింది. ఇంతసేపూ "పిల్ల సుఖం, పిల్ల సుఖం" అని అరిచాం కానీ, ఒక్కొక్కరం అడిగింది మా సుఖమే.

"ఇను," అన్నాను. "ఏది తీసుకుంటవో నీ ఇష్టం. జెట్టు కోసమైతే పో, నేనే మూట కడత. తలుపు కోసం మాత్రం ఢిల్లీ పోవుడు లేదు. తలుపు మనకూ ఉన్నది. వెనక అర్ర నీది. నేను హాల్ల పండుకుంట."

వెనక అర్ర నాది. గల్లీకి దూరం, ఒకటే కిటికీ. కానీ దానికి తలుపు లేదు, పరదా ఉంది. తలుపు ఉండేది, ఎప్పుడో మంచం లోపలికి పట్టకపోతే ఊడదీసి డాబా మీదికి ఎక్కించాం. ఎండాకాలం దాని మీద వడియాలు పెడతాం, వానాకాలం నా కొడుకు దాన్ని రిపేరు కూలర్ల మీద కప్పుతాడు. మా ఇంట్లో ఆ చెక్కను తలుపు అనడం అందరం మానేసి చాలా ఏళ్లయింది. ఆ మాట నా నోట వినగానే నా కోడలు, "మరి వడియాలు?" అన్నది. మళ్లీ తనే నాలుక కరుచుకుంది.

తర్వాత గంటన్నర మా ఇంట్లో జరిగిన చప్పుడు ముందు మిక్సీ ఏపాటిది! నా కొడుకు, భాయ్ చెరో కొస పట్టుకుని తలుపు దించారు. నా తమ్ముడు ముందు నడుస్తూ, బస్సు రివర్స్ చేయించినట్టు, "రానియ్, రానియ్, రైట్ కొట్టు, ఆపు!" అని అరిచాడు. వానకు చెక్క ఉబ్బింది. చిత్రిక పడితే కానీ పట్టలేదు. దాని నిండా గుండ్రటి మరకలు, పాత వడియాల గుర్తులు. నా కొడుకు గడియ బిగించాడు. బిగించి ఊరుకున్నాడా, స్టూలెక్కి పంకా విప్పి, గ్రీజు పెట్టి మళ్లీ తొడిగాడు. స్విచ్చు వేశాడు. చప్పుడు లేదు. పంకా తిరుగుతోందా లేదా అని అందరం తలలెత్తి చూశాం.

"గీ పదకొండేండ్లు ఏం జేసినవయ్యా?" అని కోడలు అడిగింది. వాడు గోళ్లలో గ్రీజు చూసుకుంటూ నిలబడ్డాడు.

నాలుగుంబావుకు పిల్ల ఫోను తీసుకుని లోపలికి పోయింది. "జర ఆలోచించుకుంట. ఎవ్వరు తలుపు కొట్టొద్దు," అని గడియ పెట్టుకుంది. నేను బయట అందరికీ రూలు పెట్టాను: ఈ తలుపు మీద చెయ్యి వేసినవాడికి రేపు చాయ్ లేదు. నా తమ్ముడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

హాల్లో అందరం వరసగా కూర్చున్నాం. నేను పేపరు తీసి, పెదవులు బిగబట్టి చదివి చూశాను. రెండు వరసలు పోయేసరికి మెడ నొప్పి పుట్టింది. నాలుగున్నర అయింది. లోపల చప్పుడు లేదు. ఆలోచిస్తోంది అనుకున్నాం. నలభై అయింది. జెట్టుకు రాస్తోందేమో అని కోడలు కళ్లు తుడుచుకుంది. పంకాకు రాస్తోందేమో అని కొడుకు నిట్టూర్చాడు. నలభై ఎనిమిదికి లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. సన్నటి గురక.

"పండుకున్నదిరా!" అన్నాడు నా తమ్ముడు గుసగుసగా. గుసగుస వాడికి జన్మలో అదే మొదటిసారి.

"లేపుండ్రి! రెండూ పోతయ్!" అన్నాడు కొడుకు.

"నువ్వే లేపు."

"నేనెట్ల లేపుత? అమ్మ రూల్ పెట్టింది."

"అత్తమ్మా, మీ రూల్ మీరే తీసుండ్రి," అన్నది కోడలు.

పొద్దుటి నుంచి ఇంత లొల్లి చేసిన మనుషులం, తలుపు ముందు నిలబడి ఒకరినొకరు ముందుకు నెట్టుకున్నాం. ఫోను చేద్దామంటే అది మోగకుండా పెట్టుకుంది. ఇవ్వక ఇవ్వక ఒక్కసారి ఇచ్చిన నిద్ర. మొదటి రోజే మేమే చెడగొడితే, ఇంట్లో నిద్ర ఉంటుందని ఇంకెట్లా నమ్ముతుంది? చెడగొట్టకపోతే రెండేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం పోతుంది. గోడ గడియారం అయిదు చూపిస్తోంది. అంటే ఇంకా ఏడు నిమిషాలుంది.

తలుపు మీద చెయ్యి వేయకూడదన్నాను కానీ నోటి సంగతి నేనేమీ అనలేదు. పేపరు విప్పాను. కుర్చీ తలుపు దగ్గరికి లాక్కున్నాను. ఊపిరి నిండా పీల్చుకుని మొదలుపెట్టాను.

"నీటి సరఫరాలో అంతరాయం! పైపులైను మరమ్మతుల కారణంగా! రేపు ఉదయం ఆరు గంటల నుండి! వినియోగదారులు! సహకరించగలరని మనవి!"

కుక్క లేచి మొరిగింది. మైకువాడు టెస్టింగ్ ఆపేశాడు, ఇంకెవరో కనెక్షన్ లాగారనుకున్నాడేమో. నేను టెండరు నోటీసులోకి దిగాను.

"నానమ్మా!" అని లోపలి నుంచి కేక. "టైమెంతైంది?"

"మూడు నిమిషాలుంది! రాయి!"

గడియ తీసిన చప్పుడు. జుట్టు రేగి, చెంప మీద దిండు ముడత పడి, ఫోను మీద రెండు బొటనవేళ్లూ పరుగెత్తిస్తూ వచ్చింది. అందరం మెడలు చాచాం. ఒకటి పంపింది. ఇంకొకటి పంపింది. తలెత్తింది.

"పంకా," అన్నది.

నా కోడలు వంటింట్లోకి పోయి మిక్సీ మీద చెయ్యి పెట్టి, మళ్లీ తీసేసింది.

"జెట్టు ఎందుకు ఇడిసిపెట్టినవ్?" అని నా తమ్ముడు అడిగాడు.

"చిన్న రన్‌వేలు తాతా. రోజుకు నాలుగు ల్యాండింగులు. నాకు దిగుడే ఇష్టం. జెట్టు యాడికి పోతది, తర్వాత జూస్త. ఇంట్ల నిద్ర పడ్తదో లేదో తెల్వకనే ఆగిన. ఇప్పుడు అరగంట పండుకున్న గదా."

"మరి బజార్ల ఏమని చెప్పాలె?" అన్నాడు నా కొడుకు.

"పంకా తిప్పుతదని చెప్పు డాడీ. నీ బిడ్డనే గదా."

వాడు నవ్వాడు. నవ్వి, వెనక అర్రలోకి పోయి, తను బాగుచేసిన పంకా కింద కాసేపు ఊరికే నిలబడి వచ్చాడు.

ఇప్పుడు నేను హాల్లో దివాన్ మీద పడుకుంటాను. ఫ్రిజ్జు మూలుగు అలవాటైంది. పేపరు డాబా మీదికెక్కి కూలర్ల మధ్య కూర్చుని చదువుతాను, గట్టిగానే. భాయ్ మళ్లీ పేపరు కొనవలసి వచ్చింది. మెంతికూర విషయంలో మాత్రం నా కోడలు మోసపోయింది. పిల్ల ఇప్పటిదాకా ఒక్క కట్ట కూడా తేలేదు.

ఆ రోజు అయిదింటికి ఆ తలుపు ముందు ఉన్నవాళ్లు వీళ్లు: పంకాలు బాగుచేసే నా కొడుకు, గరిటె కింద పెట్టని నా కోడలు, ఎవరూ అడగకపోయినా జెట్టు దిక్కు నిలబడ్డ నా తమ్ముడు, వాడి కుక్క, కారు సగం కడిగి వదిలేసి వచ్చిన భాయ్, గడియ తీసి బయటికి వచ్చిన నా మనుమరాలు, పేపరుతో నేను.